క్లయింటు ఎవరు, డబ్బు ఎవరిది

అందరికీ నమస్కారం.

ఒక ఫైలుతో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఓ కంపెనీ ఆఫీసు భవనం కొనే వ్యవహారం మా లా ఆఫీసుకు వచ్చింది. కేవైసీ కాగితాలన్నీ ఉన్నాయి. డైరెక్టర్ పాస్‌పోర్ట్ నకలు, అడ్రస్ ప్రూఫ్, కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బోర్డు తీర్మానం. చెక్‌లిస్టులో ప్రతి గడిలోనూ టిక్కు పడింది. కింద జూనియర్ సంతకం, పక్కన నా సంతకం. మర్నాడు ఆ డైరెక్టర్‌తో ఫోన్లో మాట్లాడుతూ మాటల మధ్య అడిగాను, "మీ కంపెనీ ఏం వ్యాపారం చేస్తుందండీ?" అని. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అడిగి చెబుతానండీ" అన్నాడు.

ఎవరిని అడుగుతాడు? డైరెక్టరే తను. "అడిగి చెబుతాను" అన్న మాట వెనకాల ఉన్న మనిషే మా అసలు క్లయింటు. ఆయన పేరు మా ఫైల్లో ఎక్కడా లేదు. నేను మాత్రం సంతకం పెట్టేశాను. ఆ సంతకం తలుచుకుంటే ఈ రోజుకీ నాకు మనసు బాగుండదు. లాయర్లు తమ క్లయింటునూ అతని డబ్బునూ తనిఖీ చేయడం మీద మాట్లాడమని ఎవరు పిలిచినా కాదనకుండా వెళ్లడానికి కారణం అదే.

అసలు ఈ తనిఖీలు మన వృత్తి దాకా ఎందుకొచ్చాయో ముందు చూద్దాం. 1989లో పారిస్ జీ7 శిఖరాగ్ర సమావేశంలో ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ పుట్టింది, దొంగడబ్బు చలామణీని అరికట్టే అంతర్జాతీయ సంస్థ అది. మరుసటి ఏడాదే 40 సిఫార్సులు ఇచ్చింది. అప్పట్లో చూపంతా బ్యాంకుల మీదే. బ్యాంకులు గట్టిగా అడగడం మొదలుపెట్టేసరికి దొంగడబ్బు వేరే దారి వెతుక్కుంది. లాయర్ క్లయింట్ అకౌంట్ నుంచి, అంటే క్లయింట్ల సొమ్ము ఉంచే ఖాతా నుంచి వచ్చిన సొమ్ము అనేసరికి అందుకునేవాళ్లకు ఒక భరోసా. మన లెటర్‌హెడ్‌కున్న పరువును దొంగడబ్బు నడిపేవాళ్లు వాడుకుంటారు. యూరోపియన్ యూనియన్ 2001లోనే తన డైరెక్టివ్‌లో, అంటే సభ్య దేశాలకిచ్చే ఆదేశంలో, న్యాయవాదుల్ని చేర్చింది. 2003లో సవరించిన సిఫార్సుల్లో టాస్క్ ఫోర్స్ కూడా లాయర్లను, నోటరీలను, అకౌంటెంట్లను చేర్చింది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. లాయర్ చేసే ప్రతి పనికీ ఈ నిబంధనలు వర్తించవు. ఆస్తుల క్రయవిక్రయాలు, క్లయింటు డబ్బో షేర్లో మన చేతుల మీదుగా నడపడం, బ్యాంకు ఖాతాల నిర్వహణ, కంపెనీకి పెట్టుబడి సమకూర్చే ఏర్పాట్లు, కంపెనీలూ ట్రస్టులూ పెట్టడం, నడపడం, వ్యాపారాల్ని కొనడం, అమ్మడం. వీటికే. కోర్టులో ముద్దాయి తరఫున వాదించే వకీలును ఆ వాదన గురించి పోలీసులకు నివేదించమని ఈ సిఫార్సులు అడగవు. ఆ గీత చాలా ముఖ్యం, దానికి మళ్లీ వస్తాను.

గుర్తించడం, ధ్రువీకరించడం రెండూ వేర్వేరు పనులు. క్లయింటు తన పేరు, పుట్టిన తేదీ, చిరునామా చెబితే గుర్తించినట్టు. ఆ చెప్పింది నిజమని స్వతంత్రమైన, నమ్మదగిన ఆధారంతో సరిచూస్తే ధ్రువీకరించినట్టు. చాలా ఆఫీసుల్లో క్లయింటు వాట్సాప్‌లో పంపిన పాస్‌పోర్ట్ ఫోటో ఫైల్లో పడగానే రెండూ అయిపోయాయనుకుంటారు. పాస్‌పోర్ట్‌లోని చిప్‌ను ఫోన్‌తో చదివించే యాప్‌లు ఇప్పుడున్నాయి, మంచివే. అయితే చిప్ చెప్పేది ఆ పుస్తకం అసలుదని. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో చిప్‌కు తెలియదు. వీడియో కాల్‌లో ముఖాన్ని కూడా నకిలీ చేయగలుగుతున్న రోజులివి.

ఇంగ్లండ్‌లో డ్రీమ్‌వార్ కేసు ఈ విషయంలో అందరం చదవాల్సింది. ఒక మోసగాడు లండన్‌లోని ఒక ఇంటికి తానే యజమానినంటూ లాయర్ల దగ్గరికి వెళ్లి దాన్ని అమ్మకానికి పెట్టాడు. కొనే కంపెనీ సుమారు 11 లక్షల పౌండ్లు కట్టింది. డబ్బు మాయమైంది, ఇల్లు దక్కలేదు. 2018లో అప్పీల్ కోర్టు తీర్పు చూడండి. కొనుగోలుదారు లాయర్ల పనిలో నిర్లక్ష్యం లేదంటూనే, నిజమైన అమ్మకం జరగకుండా క్లయింటు సొమ్ము వదిలేసినందుకు వాళ్ల మీద బాధ్యత మోపింది. అమ్మకందారు తరఫు లాయర్లు కూడా జవాబుదారీలేనంది. అవతలి పక్షం లాయర్ తన క్లయింటును ఎంత జాగ్రత్తగా చూశాడన్నది మన నెత్తి మీదికి కూడా రావచ్చని నాకు అర్థమైంది ఆ తీర్పు చదివాకే.

ఇప్పుడు తెర వెనక మనిషి సంగతి. నియమాల భాషలో బెనిఫిషియల్ ఓనర్ అంటారు. మనకు బినామీ అన్న మాట ఎప్పటినుంచో వాడుకలో ఉంది, పారసీలో దానర్థం పేరు లేకుండా అని. మనం వెతికేది ఆ లేని పేరునే. చాలా దేశాల్లో 25 శాతానికి మించి వాటా ఉన్న మనిషి దాకా వెళ్లమంటారు. లెక్క ఇలా. మన క్లయింటు కంపెనీలో 70 శాతం ఇంకో కంపెనీది. ఆ పై కంపెనీలో ఒకాయనకు 40 శాతం. రెండూ గుణిస్తే 28 శాతం. ఆయన కాగితాలు మన ఫైల్లో ఉండాల్సిందే. ఇప్పుడు ఆ 40ని 35 చేయండి. 24.5 అవుతుంది, గీత దాటదు. అక్కడ పెన్ను కింద పెట్టేయకండి. మిగతా వాటాలు ఆయన భార్యవీ తమ్ముడివీ అయితే? కంపెనీకి అప్పిచ్చింది ఆయనే అయితే? బ్యాంకు ఖాతా నడిపే పవర్ ఆఫ్ అటార్నీ ఆయన చేతిలో ఉంటే? వాటా లేకుండా పెత్తనం చేసేవాళ్లే ఎక్కువగా తప్పించుకుపోతారు. యజమాని ఎవరూ దొరక్కపోతే సీనియర్ మేనేజర్ పేరు రాసుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. అది అన్ని దారులూ మూసుకుపోయాక వాడాల్సిందని సిఫార్సులే చెబుతున్నాయి. ఆఫీసుల్లో మొదటి రోజే వాడేస్తున్నారు.

నేను మొదట చెప్పిన ఫైలు అలాంటిదే. డైరెక్టర్ వెనక ఒక డొల్ల కంపెనీ, దాని వెనక ఇంకోటి. మూడోదాని యజమాని పేరు మళ్లీ మళ్లీ అడిగినా రాలేదు. మేం ఆ పని వదులుకున్నాం.

ఇక డబ్బు. "సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది?" అంటే క్లయింట్లు బ్యాంకు స్టేట్‌మెంట్ ఇస్తారు. అందులో పోయిన వారమే తమ్ముడి ఖాతా నుంచి పెద్ద మొత్తం జమ అయి ఉంటుంది. డబ్బు ఏ ఖాతాలో ఉందో ఆ స్టేట్‌మెంట్ చెబుతుంది, ఎలా సంపాదించారో చెప్పదు. తమ్ముడికి ఎలా వచ్చింది? ఇల్లు అమ్మాడంటే అమ్మకం దస్తావేజు చూపించమనాలి. వారసత్వంగా వచ్చిందంటే వీలునామా. వ్యాపార లాభమంటే ఆడిటైన లెక్కలు. ఇంకో రకం జాగ్రత్త కూడా చెబుతాను. క్లయింటు మన ఖాతాలో డబ్బు వేశాడు. నాలుగు రోజులకే "బేరం రద్దయింది, ఆ సొమ్ము ఫలానా ఖాతాకు పంపేయండి" అంటాడు. ఆ ఖాతా తనది కాదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు అకౌంట్స్ విభాగంలో కూర్చున్న అమ్మాయికి "ఆగండి, అడిగి చెబుతాం" అనే అధికారం ఉండాలి. ఆ అధికారం ఇవ్వడం పార్ట్‌నర్ల పని.

ఇంత గట్టిగా చెబుతున్నా, ఈ తనిఖీల వల్ల నలిగిపోయేవాళ్లు ఎక్కువమంది నిజాయితీపరులేనని నాకు తెలుసు. ఒక పెద్దావిడ గుర్తొస్తున్నారు. భర్త పోయాక ఉన్న ఇల్లు అమ్మి చిన్నది కొనుక్కోవాలని వచ్చారు. కరెంటు బిల్లు ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతాలో పెళ్లి తర్వాతి ఇంటిపేరు, పాత గుర్తింపు కార్డులో పుట్టింటి పేరు. మా వాళ్లు నాలుగుసార్లు తిప్పారు. నాలుగోసారి ఆవిడ సంచీలోంచి మడతలు నలిగిన పెళ్లి సర్టిఫికెట్ తీసి టేబుల్ మీద పెట్టి, "నేను నేనేనని ఇంకెలా చెప్పాలి నాయనా?" అన్నారు. ప్రమాదాన్ని బట్టి తనిఖీ అన్నది 2012 నుంచి టాస్క్ ఫోర్స్ మొదటి సిఫార్సు. ప్రమాదం తక్కువైన చోట తేలిక చేసే వీలు అందులోనే ఉంది. ఆ వీలును ఆవిడకు వాడాల్సింది, మేం వాడలేదు. పేర్లు కలవకపోతే కలిపే ఒక్క కాగితం ఏదో మొదటి రోజే చెప్పాలి. ఎందుకు అడుగుతున్నామో రెండు ముక్కల్లో చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. రాజకీయ పదవుల్లో ఉన్నవాళ్ల విషయమూ అంతే. వాళ్ల మీద అదనపు తనిఖీ ఉంటుంది, అంతమాత్రాన వాళ్లు నేరస్థులని కాదు.

గీత గురించి మళ్లీ వస్తానన్నాను కదా. అనుమానం కలిగితే నివేదించాలా, క్లయింటు రహస్యం కాపాడాలా? దేశాలు ఒకే జవాబు ఇవ్వలేదు. 2012లో మిషో కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు, ఫ్రాన్స్ న్యాయవాదులు నివేదించాలన్న నియమాన్ని సమర్థించింది. అది కోర్టులో వాదించే పనికి వర్తించకపోవడం, నివేదిక బార్ అధ్యక్షుడి ద్వారా వెళ్లడం అందుకు కారణాలుగా చూపింది. 2015లో కెనడా సుప్రీంకోర్టు, లాయర్ల కార్యాలయాల మీద ప్రభుత్వం పెట్టిన సోదా, రికార్డుల నిబంధనల్ని రాజ్యాంగ విరుద్ధమంటూ పక్కనపెట్టింది. అక్కడ క్లయింటు గుర్తింపు నియమాల్ని లాయర్ల వృత్తిని నియంత్రించే లా సొసైటీలే అమలు చేస్తున్నాయి. భారత్‌లో 2023 మేలో చార్టర్డ్ అకౌంటెంట్లను, కంపెనీ సెక్రటరీలను కొన్ని లావాదేవీల మేరకు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు, న్యాయవాదుల్ని ఆ జాబితాలో చేర్చలేదు. నా మటుకు నాకు ఫ్రాన్స్ పద్ధతి నచ్చుతుంది. వాదించే వకీలును వదిలేసి, డబ్బు నడిపే లాయర్ని అడుగుతుంది.

నివేదించాల్సిన చోట, నివేదించామని క్లయింటుకు చెప్పకూడదు. పదేళ్ల పరిచయమున్న మనిషి "పని ఎందుకు ఆగింది?" అంటుంటే మామూలు గొంతుతో మాట్లాడటం కష్టం. జూనియర్లను ఆ ఫోన్ దగ్గర ఒంటరిగా వదలకండి.

కాగితాల్ని కనీసం ఐదేళ్లు దాచాలి. వాటితోపాటు మీరేం అడిగారు, వాళ్లేం చెప్పారు, ఎందుకు నమ్మారు అన్నది కూడా ఓ అరపేజీ రాసి పెట్టండి. రేపు మీ సంతకాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే చూపించుకోవడానికి ఆ అరపేజీయే ఉంటుంది. నా ఫైల్లో అది లేదు.

ఆ ఫైలును పేర్లన్నీ చెరిపేసి తెచ్చాను, మొత్తం 14 పేజీలు. ఇప్పుడు మీకు పంచుతాను. చదివి, నేను ఏ పేజీ దగ్గర ఆగాల్సిందో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.