లిపిడ్ రిపోర్టులో లేని వరస

సమన్వయకర్త: ఒక ప్రేక్షకుడు తన రిపోర్టు పంపారు. వయసు 41. సిగరెట్ లేదు, షుగర్ లేదు, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 96. అయినా స్టెంటు వేయాల్సి వచ్చింది. ఎందుకు డాక్టర్ గారూ?

హృద్రోగ నిపుణుడు: ఆ కాగితంలో ఒక వరస లేదు. లైపోప్రొటీన్ లిటిల్-ఎ. రక్తంలో కొవ్వులు కొలిచే మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో అది రాదు, విడిగా అడిగి చేయించుకోవాలి.

సమన్వయకర్త: తర్వాత చేయించారట. డెసిలీటరుకు 118 మిల్లీగ్రాములు.

హృద్రోగ నిపుణుడు: 50 దాటితేనే ముప్పు అంటాం. ఇది రెట్టింపు పైమాటే.

జన్యు పరిశోధకురాలు: ఈ లిటిల్-ఎలో ఎల్‌డీఎల్ లాంటి కణానికే మరో ప్రొటీన్ తగులుకుని ఉంటుంది. 1963లో నార్వేలో కోరె బెర్గ్ గుర్తించారు. ఆ ప్రొటీన్‌లోని మెలికలను క్రింగిల్ అంటారు. అది స్కాండినేవియా వాళ్ల పిండివంట పేరు. మన జంతిక అనుకోండి.

సమన్వయకర్త: గుండెపోటు కథలో జంతికా!

జన్యు పరిశోధకురాలు: తినే జంతిక కాదు, పుట్టుకతో వచ్చేది. ఆరో క్రోమోజోమ్ మీదున్న ఎల్‌పీఏ జన్యువులో ఒక మెలిక కొందరిలో ఐదారుసార్లు, కొందరిలో ముప్పై నలభైసార్లు ఉంటుంది. తక్కువ మెలికలున్నవారికే సాధారణంగా ముప్పు ఎక్కువ. పొట్టి ప్రొటీన్‌ను కాలేయం చకచకా తయారుచేసి రక్తంలోకి వదిలేస్తుంది. పొడుగుదైతే చాలావరకు కణంలోనే చిక్కుకుపోతుంది.

సమన్వయకర్త: నూనె తగ్గిస్తే దిగుతుందా?

హృద్రోగ నిపుణుడు: దాదాపు కదలదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతోనూ తగ్గదు. అలాగని స్టాటిన్ ఆపేయకండి, ఈ ఒక్క మాట విని ఆపేసేవారుంటారు. పెలాకార్సెన్ అనే ఇంజెక్షన్ ప్రయోగాల్లో ఈ స్థాయిని 80 శాతం వరకు తగ్గించింది. కానీ స్థాయి తగ్గడం వేరు, గుండెపోటు తగ్గడం వేరు.

సమన్వయకర్త: చేతిలో మందు లేనప్పుడు పరీక్ష ఎందుకు?

హృద్రోగ నిపుణుడు: మిగతా పట్టు బిగించడానికి. ఎల్‌డీఎల్ 96 చాల్లే అని ఈయనను వదిలేశారు. ఇది ముందే తెలిస్తే ఇంకా కిందికి దించేవాళ్లం. పైగా జీవితంలో ఒక్కసారి చేయిస్తే దాదాపు సరిపోతుంది.

జన్యు పరిశోధకురాలు: అయితే భయపెట్టకండి. దక్షిణాసియా వారిలో సుమారు నలుగురిలో ఒకరికి 50 దాటుతుంది. అందరికీ గుండెపోటు రాదు కదా.

హృద్రోగ నిపుణుడు: రాదు. కానీ ఆ ఒక్కరు ఎవరో తెలియాలిగా.

సమన్వయకర్త: ఉత్తరం చివర ఒక మాట ఉంది. ‘తమ్ముడికి 36. రోజూ జిమ్‌కు వెళ్తాడు. నాకేమవుతుంది అన్నయ్యా అంటాడు.’

హృద్రోగ నిపుణుడు: రేపే ల్యాబుకు పంపమనండి. పరగడుపున కూడా అక్కర్లేదు.