ఆటో ఆగే చోటు

అక్క: అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడి నుంచి, మా చెల్లి పాతపట్నం నుంచి. మా రెండిళ్లకీ మధ్య ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ నాది ఒడిశా, దానిది ఆంధ్ర. చెల్లికి కారుంది, నాకు లేదు. రోజూ మేం ఎలా తిరుగుతున్నామో ఈ ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

చెల్లి: కారుందన్న మాటే గానీ అక్కా, మీ ఇంటికి వచ్చినప్పుడల్లా స్కూటీ మీదే కదా వస్తాను. మీ వీధిలో కారు పెట్టడానికి చోటేదీ?

అక్క: నీకు స్కూటీ సరే. అమ్మకి మోకాళ్ల నొప్పులాయె. స్కూటీ వెనక ఒకవైపుకి కూర్చోలేదు. తనకి ఆటోయే దిక్కు.

చెల్లి: పోయిన వర్షాకాలం ఆ రాత్రి ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అక్క: అమ్మ మా ఇంట్లో ఉంది. పదిన్నరకి ఆయాసం మొదలైంది. తను ఎప్పుడూ చూపించుకునే డాక్టరు మీ వైపు. ఆటో పిలిస్తే వచ్చాడు పాపం, కానీ సరిహద్దు దగ్గర బండి ఆపేశాడు. "అవతలికి నాకు పర్మిట్ లేదమ్మా, పట్టుకుంటే బండి పోతుంది" అన్నాడు. దిగాం. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద వేసింది, రెండో చేత్తో మందుల చీటీలున్న కవరు తడవకుండా గుండెకి అదుముకుంది. నువ్వు అటునుంచి తెచ్చిన ఆటో దాకా వంద అడుగులు ఉంటుందేమో, నాలుగుసార్లు ఆగింది.

చెల్లి: ఆ రోజు కారు మా ఆయన డ్యూటీకి తీసుకెళ్లారు. అది ఇంట్లో ఉంటే నేరుగా మీ గుమ్మం దాకా వచ్చేదాన్ని.

అక్క: ఆటో అతన్ని నేను ఒక్క మాట అనను. 1988 మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లాలంటే ఆ రాష్ట్రం కూడా సంతకం పెట్టాలి. అద్దె బండికే ఈ గొడవ. సొంత కారుకీ, స్కూటీకీ పర్మిట్ అక్కర్లేదు. అంటే సొంత బండి ఉన్నవాళ్లకి ఈ సరిహద్దు ఉన్నట్టే తెలీదు. లేనివాళ్లే వానలో దిగి నడవాలి. నాకు బాధ కలిగేది అక్కడే.

చెల్లి: బస్సు సంగతీ చెప్పక్కా. 2025 ఆగస్టు 15 నుంచి మా ఆంధ్ర ఆడవాళ్లకి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్ర అడ్రసు ఉన్న కార్డు చూపించాలి. పాతపట్నంలో ఇద్దరం ఒకే సీట్లో కూర్చుని టెక్కలి వెళ్తే నాకు జీరో టికెట్, అక్క మాత్రం డబ్బులివ్వాలి.

అక్క: ఎవరి రాష్ట్రం వాళ్లకి చేసుకుంటుంది, అది తప్పనను. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి కదా.

చెల్లి: ఆ గీత పట్టనిది రైలొక్కటే. 1900లో పర్లాకిమిడి రాజావారు టెక్కలి దగ్గరి నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న లైను. పట్టాల మధ్య రెండున్నర అడుగులే! తర్వాత గుణుపురం దాకా పొడిగించారు.

అక్క: ఆ రైల్లో బొగ్గు నలుసు కంట్లో పడితే అమ్మ కొంగు కొస ఉండలా చుట్టి, నోటితో ఆవిరి ఊది కంటికి అద్దేది. ఆ వెచ్చదనం నాకింకా గుర్తే. 2004లో ఆ లైను ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011కల్లా గుణుపురం దాకా మళ్లీ రైళ్లు నడిచాయి. ఇప్పుడు విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా గుణుపురం-విశాఖ ప్యాసింజరే మాకు ఆధారం. పర్లాకిమిడిలో నేనూ అమ్మా ఎక్కుతాం, తర్వాతి స్టేషన్లో నువ్వెక్కుతావు. పర్మిట్ గొడవ లేదు, కార్డు అడిగేవాళ్లు లేరు. టికెట్టు అందరికీ ఒకటే.

చెల్లి: రాత్రి పదిన్నరకి ఆయాసం వస్తే మాత్రం రైలు ఉండదుగా.

అక్క: అందుకే ఆటోల సంగతి వదలనంటున్నాను. రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుంటే పక్క రాష్ట్రం పర్మిట్ చెల్లుతుంది. బస్సులకి ఆ ఒప్పందాలు ఉన్నవే. సరిహద్దుకి పది, పదిహేను కిలోమీటర్ల లోపు ఆటోలకీ ఇవ్వాలని నా కోరిక. వచ్చే ఎపిసోడ్‌కి రెండు వైపుల స్టాండుల్లో ఆటో నడిపే అన్నయ్యల్ని పిలుస్తున్నాం. రాయగడ, ఇచ్ఛాపురం వైపు మీకూ ఇలా దిగి నడవాల్సి వచ్చిందా? ఎక్కడ దిగారో, ఎంత దూరం నడిచారో వాయిస్ మెసేజ్ పెట్టండి. వాళ్లకి వినిపిస్తాం.