మోకాళ్లకు సరిపోయే పడవ

శ్రోతలకు నమస్కారం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నాకు ఈత రాదు. అలాంటివాడు తెరచాప పడవ కొనడం గురించి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. మా అమ్మాయి అమెరికాలో, మేరీలాండ్‌లో ఉంటుంది. కిందటేడు ఆరు నెలలు అక్కడున్నాం. పక్కింటి దంపతులు ఇద్దరూ టీచర్లుగా చేసి రిటైరైనవాళ్లు. ఇల్లు అద్దెకిచ్చేసి పడవలోనే కాపురం పెడతామన్నారు. అక్కడి అనాపొలిస్ ఊరి రేవులో వాళ్లు పడవలు చూస్తూ తిరుగుతుంటే, పెళ్లిచూపులకు తోడెళ్లినట్టు నేనూ వెనకాలే తిరిగాను.

వాళ్లకు ప్రపంచం చుట్టి రావాలని లేదు. తుపానుల కాలం ముగుస్తుండగా, చలి ముదరకముందే ఫ్లోరిడా వైపు వెళ్లాలి, వేసవికి తిరిగి రావాలి. ఆ తీరం వెంబడి నదులనూ కాలువలనూ కలుపుతూ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అని ఒక జలమార్గం ఉంది. మద్రాసు దాకా పడవలు నడిచిన మన బకింగ్‌హాం కాలువ గుర్తొచ్చింది నాకు. ఆ దారిలో ఎత్తయిన వంతెనలు చాలావరకు నీటి మీద 65 అడుగులుంటాయి. మయామీ దగ్గర ఒకటి మాత్రం 56 అడుగులే. పడవ మీద చాప కట్టే స్తంభం అంతకు మించితే ఆ దారి అక్కడితో ఆగినట్టే. అడుగున ఇసుక మేట వేస్తుంది కాబట్టి పడవ నీటిలోకి 5 అడుగులకు మించి దిగకూడదు. రంగూ హంగూ ఈ రెండు లెక్కల తర్వాతే.

ఆయన 45 అడుగుల పడవ మీద మనసు పడ్డాడు. ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది: "నువ్వు మంచాన పడితే దీన్ని నేనొక్కదాన్నే ఒడ్డుకు తేగలనా?" అమ్మే అతను నవ్వి ఊరుకున్నాడు.

35 అడుగుల పడవ 45 అయితే బరువు దాదాపు రెట్టింపవుతుంది. చాపల బరువూ, తాళ్ల లాగుడూ, రేవు అద్దే కాదు, మరమ్మతు బిల్లూ పెరుగుతాయి. లంగరు సంగతే చూడండి. 15 అడుగుల నీటిలో లంగరు వేస్తే, లోతుకు ఐదు నుంచి ఏడు రెట్ల గొలుసు వదలాలట. వంద అడుగుల గొలుసు, లంగరు కలిపి 90 కిలోల దాకా తూగుతాయి. పైకి లాగడానికి మోటారు ఉంటుంది. అది మొరాయించిన రోజు ఉండేవి ఆవిడ చేతులే. పెద్ద పడవే క్షేమమన్న వాదన నాకు నచ్చలేదు. 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టి వచ్చిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ 'సుహైలి' పొడవు 32 అడుగులే. దాన్ని టేకుతో కట్టింది మన బొంబాయిలోనే!

ఒక పడవ నచ్చితే, కొనేముందు దాన్ని పరీక్షించే సర్వేయర్‌ను పిలిపించారు. ఆ రోజు చూడాలి. చిన్న సుత్తితో పడవ పైభాగం, అంటే డెక్ అంతా అంగుళం అంగుళం కొట్టి విన్నాడు. మనం కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అచ్చం అలాగే. టంగుమంటే గట్టిది. డబ్‌మంటే మరమేకుల సందుల్లోంచి నీరు దిగి లోపలి చెక్క కుళ్లినట్టు. స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగలు 10, 15 ఏళ్లకోసారి మార్చాలి. ఆ తేదీ అడిగితే అమ్మేవాడు ఆకాశంలోకి చూశాడు. ఆ పడవ వదిలేశారు.

ఆవిడ పరీక్షలు వేరు. లోపలికి దిగే నిటారు నిచ్చెన మీద, చేతిలో బక్కెట్‌తో పదిసార్లు ఎక్కి దిగింది. మోకాళ్లు ఏమంటాయో చూసింది. తర్వాత ముందుభాగంలో మంచం మీద పడుకుంది. పడవ ముక్కు సన్నం కదా, ఇద్దరి కాళ్లూ ఒకేచోట చేరి తన్నుకుంటాయి. "రాత్రి బాత్రూమ్‌కి రెండుసార్లు లేస్తాం, ఒకళ్ల మీద నుంచి ఒకళ్లు ఎక్కి దిగాలా?" అంది. వెనకవైపు మంచమున్న పడవలే చూడ్డం మొదలుపెట్టారు.

చివరికి 36 అడుగులది, పాతదే కొన్నారు. మేం ఇండియాకి బయల్దేరే ముందు నన్నూ ఎక్కించుకున్నారు, లైఫ్ జాకెట్ తగిలించి. తిరిగొచ్చేటప్పుడు ఆయన, "ఇప్పుడు నాకు జ్వరం" అని లోపలికెళ్లి కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆవిడ కూర్చున్నచోటి నుంచే తాడు లాగి ముందు చాప చుట్టేసింది, ఇంజన్ వేసింది, పడవను మెల్లగా రేవుకు ఆనించి తాడు నా చేతికిచ్చింది. దాన్ని దేనికి కట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.