గూటిపెట్టె కంటే ముందు స్తంభం: పెరట్లో బ్లూబర్డ్ గూళ్ళ రక్షణ

సభకు నమస్కారం.

ఇక్కడ అమెరికాలో మన ఇళ్ళ పెరట్లో బ్లూబర్డ్ అనే నీలి పిట్టకు గూటిపెట్టె పెట్టుకోవాలన్న కోరిక ఉన్నవారు, ఇప్పటికే పెట్టుకున్నవారు ఈ సభలో చాలామందే ఉన్నారు. పెట్టె ఎక్కడ కొనాలి, ఏ చెక్కతో చేయించాలి అని నన్ను తరచుగా అడుగుతుంటారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ పెట్టెను దేని మీద నిలబెడుతున్నారు? ఈరోజు నేను చెప్పబోయేదంతా దాదాపు ఆ ఒక్క ప్రశ్నకు సమాధానమే.

అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున కనిపించే ఈస్టర్న్ బ్లూబర్డ్ మగపక్షికి వీపు, రెక్కలు నిండు నీలం, రొమ్ము ఇటుక రంగు, పొట్ట తెలుపు. మన పాలపిట్ట లాగే ఇదీ తొర్రలో గుడ్లు పెడుతుంది. ఆ తొర్రను సొంతంగా తొలుచుకునే శక్తి దీని ముక్కుకు లేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలేసిన తొర్రలు, పుచ్చిన చెక్క కంచె గుంజల్లోని బొరియలు దీనికి ఇళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో ఎండుచెట్లను నరికేయడం, చెక్క గుంజల స్థానంలో ఇనుప స్తంభాలు రావడం వల్ల ఆ ఇళ్ళు తగ్గిపోయాయి. మిగిలిన వాటి కోసం యూరప్ నుంచి తెచ్చి వదిలిన రెండు పక్షులు పోటీకి దిగాయి. 1850ల తొలినాళ్ళలో బ్రూక్లిన్‌లో వదిలిన ఇంటి పిచ్చుక ఒకటి, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలిన స్టార్లింగ్ రెండవది. బ్లూబర్డ్ల సంఖ్య దారుణంగా పడిపోయిన కాలంలో లారెన్స్ జెలెనీ చొరవతో 1978లో నార్త్ అమెరికన్ బ్లూబర్డ్ సొసైటీ ఏర్పడింది. సామాన్య ప్రజలు పొలాల గట్ల మీద, ఇళ్ళ పెరళ్ళలో నిలబెట్టిన పెట్టెల వల్ల ఆ పక్షి తిరిగి కోలుకుంది. మనుషులు తలచుకుని వెనక్కు తెచ్చుకున్న పక్షి ఇది. అందుకే దీని విషయంలో మన బాధ్యత ఇంకా ఎక్కువ అని నేను నమ్ముతాను.

గూటిపెట్టె పెట్టడమంటే ఆ పక్షిని మనం ఎంచుకున్న చోటికి పిలవడం. అడవిలో తొర్రలు రకరకాల ఎత్తుల్లో, ఎక్కడెక్కడో దాగి ఉంటాయి. మన పెట్టెలు మాత్రం మనిషి కంటి ఎత్తులో, బాహాటంగా, ఒకే ఆకారంలో నిలబడి ఉంటాయి. ముందుకాళ్ళను చేతుల్లా వాడుతూ చెట్లెక్కే రకూన్ తెలివైన జంతువు. ఒక పెట్టెలో తిండి దొరికిందంటే అలాంటి మరో పెట్టెను చూడగానే గుర్తుపడుతుంది. ఆడపక్షి రోజుకొకటి చొప్పున నాలుగైదు గుడ్లు పెట్టి, సుమారు రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలు ఎగిరిపోవడానికి మరో 17 నుంచి 19 రోజులు పడుతుంది. అంటే ఐదు వారాలకు పైగా ఆ కుటుంబం ఒకే ద్వారమున్న గదిలో ఉంటుంది. పొదిగే రోజుల్లో రాత్రిపూట తల్లి కూడా లోపలే ఉంటుంది కనుక, ఆ ద్వారంలోకి చెయ్యి వచ్చిందంటే గుడ్లతోపాటు తల్లి కూడా పోతుంది. రక్షణ లేని పెట్టె పెట్టడం కంటే అసలు పెట్టకపోవడమే ఆ పక్షికి మేలు అని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చాలామంది పెట్టెను చెట్టుకో, కంచె గుంజకో మేకులతో బిగిస్తారు. చూడటానికి అందంగానే ఉంటుంది. కాని పిల్లి, రకూన్, పాము ముగ్గురికీ అది నిచ్చెన వేసినట్టే. పెట్టెకు విడిగా, నున్నటి లోహపు స్తంభం కావాలి. ఇంటి వైరింగుకు వాడే కాండ్యూట్ గొట్టం ఇందుకు చక్కగా పనికొస్తుంది. కాంక్రీటులో వేసే ఇనుప ఊచను ముందు నేలలోకి లోతుగా దిగ్గొట్టి, దాని మీదుగా గొట్టాన్ని తొడిగితే సిమెంటు అక్కర లేకుండానే స్తంభం నిలబడుతుంది. పెట్టె నేలకు ఐదడుగుల ఎత్తులో ఉంటే మీరు నిచ్చెన లేకుండా తెరిచి చూడవచ్చు. పైన కొమ్మలు వేలాడకూడదు, పక్కన దూకడానికి వీలైన పొద గాని, బల్ల గాని ఉండకూడదు.

అయితే స్తంభం ఒక్కటే సరిపోదు. నున్నటి గొట్టాన్ని కూడా ర్యాట్ స్నేక్ చుట్టుకుంటూ ఎక్కేస్తుంది. అందుకే పెట్టెకు కాస్త దిగువన బాఫిల్ అనే అడ్డుగొట్టం ఉండాలి. పొయ్యి పొగగొట్టానికి వాడే రేకుతో చేసిన, ఎనిమిది అంగుళాల వ్యాసం, 24 అంగుళాల పొడవు ఉన్న గొట్టం అన్నింటిలోకీ నమ్మకమైనదని నా అభిప్రాయం. దాని పై మూతిని సన్నని కళ్ళున్న ఇనుప జాలితో మూసి, ఆ జాలి మధ్యలో చేసిన రంధ్రం గుండా స్తంభాన్ని పోనిస్తారు. కింది మూతి తెరిచే ఉంటుంది. పాము స్తంభం వెంట ఎక్కుతూ గొట్టం లోపలికి వెళుతుంది, పైనుంచి జాలిలో వెలుతురు కనిపిస్తుంది, కాని దారి ఉండదు. బయటివైపు నుంచి ఎక్కాలంటే గొట్టం వెడల్పు వల్ల దానికి పట్టు దొరకదు. గొట్టాన్ని బిగించకుండా, చేత్తో తాకితే అటూఇటూ ఊగేలా వేలాడదీయాలి. రకూన్ పాదం ఆనించగానే గొట్టం కదిలిపోతుంది కనుక అది పైకి పాకలేదు.

స్తంభానికి గ్రీజు పూస్తే చాలదా అని అడుగుతారు. వాన, ఎండ, దుమ్ము కలిసి కొద్ది రోజుల్లోనే ఆ జారుడుతనాన్ని తీసేస్తాయి. ఈలోగా పక్షి రెక్కలకు అంటితే దానికే ప్రమాదం. దక్షిణాది రాష్ట్రాల్లో ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమలు గూట్లోకి ఎక్కి పిల్లలను చంపుతాయి కనుక, అక్కడ మాత్రం బాఫిల్ లోపల, పక్షి తాకని చోట, స్తంభం చుట్టూ ఒక పట్టీలా గ్రీజు పూయడం సమంజసమే. కలరా ఉండలు పాములను ఆపవు. ప్లాస్టిక్ వల కట్టడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే పాము అందులో చిక్కుకుని, ఎటూ కదలలేక ఎండకు చచ్చిపోతుంది. ర్యాట్ స్నేక్ విషం లేని పాము, ఎలుకలను తిని ఇంటికి మేలు చేసేది. పాము కనిపించగానే కర్ర అందుకోవడం మనలో చాలామందికి అలవాటు, కాని సరైన బాఫిల్ ఉన్నచోట ఆ అవసరమే రాదు. పిల్లి సంగతి మరీ సులభం. మీ పిల్లిని ఇంట్లో ఉంచండి.

ఇక మనవాళ్ళ మనసుకు కష్టం కలిగించే విషయం ఒకటి చెప్పాలి. ఊళ్ళో చూరుకు వరి కుంచెలు కట్టి పిచ్చుకలను పిలిచిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. అక్కడ పిచ్చుకలు తగ్గిపోతున్నాయని బాధపడుతున్నాం, ఆ బాధ న్యాయమైనది. కాని అమెరికా గూటిపెట్టెలో అదే పిచ్చుక బ్లూబర్డ్‌కు పాము కంటే ప్రమాదకరం. పెట్టె ద్వారం ఒకటిన్నర అంగుళాల వ్యాసం ఉంటే స్టార్లింగ్ దూరలేదు, పిచ్చుక మాత్రం సులువుగా దూరిపోతుంది. లోపల పొదుగుతున్న తల్లిని మూలకు నెట్టి, తల మీద పొడిచి చంపి, ఆ కళేబరం మీదే తన గూడు కట్టుకోవడం కూడా జరుగుతుంది. బాఫిల్ దీన్ని ఆపలేదు. అందుకని పెట్టెను ఇంటి చూరుకు, గింజలు పెట్టే చోటికి దూరంగా, గడ్డి మైదానం వైపు ముఖం ఉండేలా పెట్టాలి. ద్వారం కింద నిలబడటానికి పుల్ల ఉన్న పెట్టెలు కొనకండి. ఆ పుల్ల బ్లూబర్డ్‌కు అక్కర లేదు, పిచ్చుకకే ఉపయోగం. మిగిలిన అన్నం, నూకలు పెరటి గడప దగ్గర చల్లే మన అలవాటు గూటి కాలంలో పగలు పిచ్చుకలను, రాత్రి రకూన్లను రప్పిస్తుంది కనుక దాన్ని మానుకోవాలి. బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టిన తర్వాత పెట్టె కప్పు మీద తళతళలాడే మైలార్ (పల్చని ప్లాస్టిక్ పొర) పట్టీలు వేలాడదీస్తే, గుడ్డు మీద మమకారంతో బ్లూబర్డ్ వాటికి అలవాటు పడుతుంది, పిచ్చుక భయపడి దూరంగా ఉంటుంది. గుడ్డు పెట్టక ముందే కడితే బ్లూబర్డ్ కూడా వెళ్ళిపోవచ్చు.

ఇక్కడ చట్టం కూడా తెలిసి ఉండాలి. 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్ స్థానిక పక్షుల గూళ్ళకు, గుడ్లకు రక్షణ ఇస్తుంది. ఇంటి పిచ్చుక, స్టార్లింగ్ బయటి నుంచి వచ్చినవి కనుక ఆ రక్షణ వాటికి వర్తించదు, వాటి గూడును తీసేయవచ్చు. హౌస్ రెన్ అనే చిన్న గోధుమరంగు పిట్ట కూడా బ్లూబర్డ్ గుడ్లను ముక్కుతో పొడిచి బయట పడేస్తుంది, కాని అది స్థానిక పక్షి. అది పొదలను వదిలి ఎక్కువ దూరం రాదు కనుక, పెట్టెను పొదలకు వంద అడుగులైనా ఎడంగా పెట్టడమే మన చేతిలో ఉన్న ఉపాయం.

వారానికి ఒకటి రెండుసార్లు, ఎండ వచ్చిన పూట, పెట్టెను మెల్లగా తట్టి తెరిచి చూడండి. ఏదైనా నష్టం జరిగితే గూడే సాక్ష్యం చెబుతుంది. గడ్డితోనో పైన్ ఆకులతోనో అల్లిన గిన్నె చెక్కు చెదరకుండా ఉండి, నిన్నటి ఐదు పిల్లల్లో ఒక్కటీ లేకపోతే, వచ్చింది చాలావరకు పామే. గూడు సగం ద్వారం గుండా బయటికి లాగి ఉంటే, కింద ఈకలు పడి ఉంటే రకూన్ గాని, పిల్లి గాని అయి ఉంటుంది. గుడ్లకు సన్నటి చిల్లులు పడి నేల మీద కనిపిస్తే హౌస్ రెన్‌ను అనుమానించాలి. దేన్ని ఆపాలో తెలిస్తేనే స్తంభం దగ్గర ఏం సరిచేయాలో తెలుస్తుంది. పిల్లలకు 13 రోజులు నిండాక మాత్రం పెట్టె తెరవకండి. భయపడి, ఎగరడం రాకముందే బయటికి దూకేస్తాయి.

పిల్లలు ఎగిరిపోయాక పాత గూడును పూర్తిగా తీసేయండి. దాని మీదే కొత్త గూడు కడితే గుడ్లు ద్వారానికి దగ్గరగా పైకి వచ్చి, రకూన్ చేతికి అందే ఎత్తులో ఉంటాయి. అదే జంట ఆ వేసవిలోనే రెండోసారి, దక్షిణాదిలో కొన్నిసార్లు మూడోసారి కూడా గుడ్లు పెడుతుంది. గూడు తీసిన రోజునే స్తంభం వంగిందేమో, బాఫిల్ ఇంకా స్వేచ్ఛగా ఊగుతోందో లేదో చూసి, దాని చుట్టూ పెరిగిన గడ్డిని కోసేయండి.