యూపీఎస్‌లో కొత్త ఉద్యోగం: మిమ్మల్ని కాపాడేది ఒక తేదీ

[తెరపై: తెల్లవారుజాము. సరుకు ఎక్కించే డాక్. గోధుమరంగు ట్రక్కుల వరుస.]

నమస్కారం. అమెరికాలో ప్యాకేజీలు డెలివరీ చేసే యూపీఎస్ సంస్థలో కొత్తగా చేరినవారినీ చేరాలనుకునేవారినీ వేధించే ప్రశ్న ఒకటే: ఈ ఉద్యోగం నిలుస్తుందా?

అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేస్తే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఒకే గోదాములో, ఒకే కన్వేయర్ బెల్టు పక్కన, ఒకే పని చేస్తున్న ఇద్దరిని ఊహించుకోండి. వారిలో ఒకరిని ఏ కారణమూ చెప్పకుండా ఈ సాయంత్రమే ఇంటికి పంపేయవచ్చు. రెండోవారిని తీసేయాలంటే సంస్థ కారణం చూపాలి, దాన్ని రుజువు చేయాలి, యూనియన్‌తో వాదనకు కూర్చోవాలి. తేడా వారి పనితనంలో లేదు. వారి పేరు పక్కన ఉండే తేదీలో ఉంది. దాన్నే సీనియారిటీ తేదీ అంటారు. ఈ వీడియో అంతా ఆ తేదీ గురించే.

[తెరపై: అమెరికా పటం. మోంటానా ఒక్కటే వేరే రంగులో.]

ముందుగా అక్కడి పరిస్థితి ఎలా ఉందో చూద్దాం. అమెరికాలో ఉద్యోగం సాధారణంగా ఇరుపక్షాల ఇష్టం మీదే నడుస్తుంది. యజమాని ఎప్పుడైనా తీసేయవచ్చు, ఉద్యోగి ఎప్పుడైనా మానేయవచ్చు, కారణం చెప్పనక్కర లేదు. 50 రాష్ట్రాల్లో ఒక్క మోంటానా మాత్రమే 1987లో దీనికి భిన్నంగా చట్టం చేసుకుంది. మిగతా 49 చోట్ల రాతపూర్వక ఒప్పందమేదైనా ఉంటే తప్ప మీకు రక్షణ పరిమితమే.

ఇక్కడే చాలామంది ఒక మాట దగ్గర పొరబడుతున్నారు. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాల్లో 'రైట్ టు వర్క్' చట్టం ఉంది. పేరు వినగానే 'పని హక్కు' అనీ, ఉద్యోగానికి హామీ అనీ అనిపిస్తుంది. దానికీ ఉద్యోగ భద్రతకూ సంబంధం లేదు. యూనియన్ చందా కట్టమని ఉద్యోగిని బలవంతపెట్టకూడదన్నదే ఆ చట్టం సారాంశం. అయితే ఆ రాష్ట్రాల్లో కూడా, మీరు చందా కట్టినా కట్టకపోయినా, యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం మీకు వర్తిస్తుంది. ఇది గుర్తుంచుకోండి.

ఆ ఒప్పందమే యూపీఎస్‌ను మిగతా డెలివరీ సంస్థల నుంచి వేరు చేస్తుంది. ప్యాకేజీలు సర్దేవారు, ట్రక్కుల్లో ఎక్కించేవారు, డ్రైవర్లు కలిపి దాదాపు 3,40,000 మంది తరఫున టీమ్‌స్టర్స్ యూనియన్ మాట్లాడుతుంది. ఇప్పుడు అమలులో ఉన్న ఒప్పందం 2023 ఆగస్టు 1న మొదలైంది, 2028 జూలై 31న ముగుస్తుంది. దానికి అనుకూలంగా 86.3 శాతం ఓట్లు పడ్డాయి.

వీధిలో కనిపించే ప్రతి డెలివరీ బండి వెనుకా ఇలాంటి ఒప్పందం ఉంటుందనుకోకండి. ఫెడెక్స్ గ్రౌండ్ బండ్లు నడిపేవారు ఫెడెక్స్ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు తీసుకున్న వేరే కంపెనీల ఉద్యోగులు. అమెజాన్ పేరున్న నీలిరంగు వ్యాన్లు నడిపే చాలామందిదీ అదే పరిస్థితి. అక్కడ ఆ చిన్న కంపెనీ కాంట్రాక్టు పోతే దానితో పాటే ఉద్యోగమూ పోవచ్చు. కాబట్టి చొక్కా మీది పేరు కాకుండా, జీతం చెక్కు మీది పేరు చూడండి.

[తెరపై: క్యాలెండర్. ఒక్కొక్క రోజు మీద గుర్తు పడుతూ ఉంటుంది.]

ఇప్పుడు అసలు విషయం. చేరిన రోజునే ఒప్పందం మిమ్మల్ని పూర్తిగా తన గొడుగు కిందికి తీసుకోదు. ముందు ప్రొబేషన్, అంటే పరీక్షా కాలం, దాటాలి. జాతీయ ఒప్పందానికి తోడు ప్రాంతాలవారీగా అనుబంధ ఒప్పందాలు ఉంటాయి. ప్రొబేషన్ ఎన్ని రోజులో చెప్పేది అవే. డ్రైవర్ల విషయంలో ఎక్కువగా వినిపించే లెక్క 30 పనిదినాలు. గోదాములో పార్ట్‌టైమ్ పనికి కొన్ని ప్రాంతాల్లో అంతకంటే ఎక్కువ. ఇవి ఎక్కువగా పనిదినాలే తప్ప క్యాలెండర్ రోజులు కావు. ఈ గడువులో మిమ్మల్ని తీసేస్తే యూనియన్ గ్రీవెన్స్, అంటే అధికారిక ఫిర్యాదు, వేసినా సాధారణంగా నిలవదు.

పండుగ సీజనులో చేరినవారు మరింత జాగ్రత్తగా వినాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో యూపీఎస్ లక్షకు పైగా తాత్కాలిక ఉద్యోగులను తీసుకున్న సంవత్సరాలున్నాయి. 2024లో 1,25,000 మందికి పైగా తీసుకుంటామని ప్రకటించింది. అప్పుడు పని దండిగా ఉంటుంది, అదనపు గంటలు ఉంటాయి, అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటారు. చాలా అనుబంధ ఒప్పందాల్లో ఆ సీజను రోజులు ప్రొబేషన్ లెక్కలోకి రావు. అంటే నవంబరు మొదట్లో చేరి, మంచులో, చీకట్లో 40 రోజులు ఒళ్లు దాచుకోకుండా పని చేసిన మనిషి జనవరి 2న లెక్క చూసుకుంటే ఖాతాలో సున్నా ఉండవచ్చు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఆ మనిషి కష్టంలో లోపం లేదు, లెక్క ఎలా కడతారో మొదటి రోజునే ఎవరూ చెప్పకపోవడమే లోపం. అందుకే చేరేటప్పుడే అడగండి: నేను తాత్కాలికమా, పర్మనెంటా? నా రోజులు ఏ తేదీ నుంచి లెక్కకు వస్తాయి?

ఆ ప్రశ్న సూపర్‌వైజరును ఒక్కరినే అడిగి ఊరుకోకండి. ప్రతి కేంద్రంలోనూ షాప్ స్టీవార్డ్ ఉంటారు. వారు మీతోపాటే పని చేస్తూ యూనియన్ తరఫున బాధ్యత తీసుకున్నవారు. మీ ప్రాంతపు అనుబంధ ఒప్పందం కాపీ వారి దగ్గర దొరుకుతుంది. మీరు కూడా ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఆ రోజు సూపర్‌వైజరు పేరు రాసుకోండి. 29వ రోజా 31వ రోజా అని వాదన వస్తే ఆ పుస్తకం మీ పక్షాన నిలుస్తుంది.

ప్రొబేషన్‌లో ఉద్యోగాలు పోయేది ఎక్కువగా వేగం తక్కువైందనే అనుకుంటారు. వేగాన్ని చూస్తారు, నిజమే. కానీ కొత్త డ్రైవరుకు అసలు ప్రమాదం ట్రక్కును వెనక్కి నడిపేటప్పుడు తగిలే పోస్టుబాక్సు. అది తగిలిందని చెబితే మందలింపు ఎదురుకావచ్చు, ప్రొబేషన్‌లో ఉద్యోగం పోయినా పోవచ్చు. చెప్పకుండా దాచి, తర్వాత బయటపడితే మాత్రం అది నిజాయితీ సమస్య అవుతుంది. నిజాయితీ సమస్య వచ్చినప్పుడు 20 ఏళ్ల సీనియారిటీ ఉన్నవారికి కూడా ఒప్పందం పెద్దగా అండగా ఉండదు. తలుపు దాకా వెళ్లకుండానే డెలివరీ ప్రయత్నించినట్లు స్కాన్ చేయడం కూడా అదే కోవలోకి వస్తుంది. ఒత్తిడిలో ఒక్కసారి చేద్దామనిపిస్తుంది. చేయకండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ప్రొబేషన్ అంటే చట్టాలేవీ వర్తించని కాలం కాదు. కారణం చెప్పకుండా తీసేయవచ్చు గానీ, చట్టం నిషేధించిన కారణంతో తీసేయకూడదు. మీ మతం, జాతి, పుట్టిన దేశం అలాంటి కారణాలే. యూనియన్ గురించి తోటివారితో మాట్లాడినందుకు తీసేసినా తప్పే. పనిలో గాయపడ్డానని చెప్పినందుకు తీసేసినా తప్పే. గాయం లేదా భద్రత విషయంలో కక్ష సాధించారనిపిస్తే కార్మిక శాఖలో పని భద్రతను చూసే ఓషా విభాగానికి 30 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. యూనియన్ కార్యకలాపాల విషయంలో జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేయడానికి 6 నెలల గడువు ఉంది. నడుము పట్టేసినా 'ప్రొబేషన్ దాటాక చెబుదాంలే' అని నొప్పి దాచుకోవద్దు. అప్పటికి ఆ గాయం పనిలోనే తగిలిందని నిరూపించడం కష్టమవుతుంది.

[తెరపై: గోడ మీద అతికించిన పేర్ల జాబితా. అన్నిటికన్నా కింద ఒక కొత్త పేరు.]

సరే, ప్రొబేషన్ దాటారు. సీనియారిటీ జాబితాలో మీ పేరు, పక్కన మీ తేదీ చేరాయి. ఇప్పుడు మిమ్మల్ని క్రమశిక్షణ పేరుతో తీసేయాలంటే న్యాయమైన కారణం ఉండాలి. విచారణకు పిలిచి, శిక్షకు దారితీసే ప్రశ్నలు అడుగుతుంటే స్టీవార్డ్‌ను పిలవమనే హక్కు మీకుంది. 1975లో వైన్‌గార్టెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ హక్కును నిలబెట్టింది. అయితే అది అడిగినవారికే దక్కుతుంది. సంస్థ తనంతట తాను గుర్తు చేయాలన్న నియమం ఆ తీర్పులో లేదు.

కానీ క్రమశిక్షణ ఒక దారి మాత్రమే. పని తగ్గితే వచ్చే లేఆఫ్ ఇంకో దారి. ఆ రెండోదాన్ని ఒప్పందం ఆపలేదు, వరుస మాత్రమే నిర్ణయిస్తుంది. చివర చేరినవారు ముందు వెళతారు, తిరిగి పిలిచేటప్పుడు సీనియారిటీ ఉన్నవారు ముందు వస్తారు. చాలా ప్రాంతాల్లో పని పోయిన ఫుల్‌టైమ్ ఉద్యోగి, తన కంటే జూనియర్లు చేస్తున్న పార్ట్‌టైమ్ పనిలోకి దిగవచ్చు. అంటే పైన ఎక్కడో డ్రైవర్ల పని తగ్గితే, దాని దెబ్బ గోదాములో మీ దాకా దిగివస్తుంది.

ఈ వరుస ఇప్పుడెందుకు ముఖ్యమో చూడండి. 2025 జనవరిలో యూపీఎస్, తన అతిపెద్ద ఖాతాదారు అమెజాన్ ప్యాకేజీలను 2026 ద్వితీయార్ధానికల్లా సగానికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సుమారు 20,000 ఉద్యోగాల తగ్గింపు, 73 భవనాల మూసివేత అని చెప్పింది. అక్టోబరు నాటికి ఆ లెక్క పెరిగింది: క్షేత్రస్థాయి ఉద్యోగాలు సుమారు 34,000, మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు సుమారు 14,000 తగ్గాయి. మరోవైపు 2023 ఒప్పందంలో 7,500 కొత్త ఫుల్‌టైమ్ ఉద్యోగాలు సృష్టిస్తామని, 22,500 ఖాళీలు నింపుతామని సంస్థ మాట ఇచ్చింది. ఆ 30,000 ఎక్కడని యూనియన్ అడుగుతోంది. ఈ వాదనలో ఎవరు గెలిచినా, ఈ ఏడాది చేరినవారు జాబితా అడుగునే ఉంటారు.

మూసివేతకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నాటి వార్న్ చట్టం చెబుతుంది కదా అని కొందరు ధైర్యపడతారు. అందులో ఒక మెలిక ఉంది. ఇంతమందికి ఉద్యోగం పోతేనే నోటీసు అన్న పరిమితిని లెక్కించేటప్పుడు, గత 12 నెలల్లో 6 నెలలకు తక్కువ పనిచేసినవారినీ, వారానికి సగటున 20 గంటలకు తక్కువ పనిచేసేవారినీ కలపరు. యూపీఎస్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగికి ఒప్పందం హామీ ఇచ్చేది రోజుకు మూడున్నర గంటలు. వారానికి ఐదు రోజులైతే 17.5 గంటలు. లెక్క మీకే అర్థమవుతుంది. పరిమితి దాటి నోటీసు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం అది వారికీ ఇవ్వాలి. లేఆఫ్ చేస్తే వెంటనే మీ రాష్ట్ర నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేయండి. ఇక్కడ కొద్ది వారాలే పనిచేసినా, అంతకుముందు వేరేచోట సంపాదించిన జీతం కూడా ఆ లెక్కలోకి రావచ్చు.

ఇంత తెలిసీ చేరాలా అని అడిగితే, చేరమనే అంటాను. పార్ట్‌టైమ్ మొదటి జీతం గంటకు 21 డాలర్లు ఊరికే రాలేదు. 1997 ఆగస్టులో 1,85,000 మంది 15 రోజులు సమ్మె చేసింది ప్రధానంగా పార్ట్‌టైమ్ పనివారి కోసమే. దాని ఫలితంగా పార్ట్‌టైమ్ పనులను కలిపి 10,000 ఫుల్‌టైమ్ ఉద్యోగాలు సృష్టిస్తామని సంస్థ ఒప్పుకుంది. గోదాములో చేరి, జాబితాలో పైకి జరుగుతూ డ్రైవరు కావడం ఈనాటికీ జరిగే పనే.

ఒక్క చోట ఆగి ఆలోచించండి. చురుగ్గా ఉన్న కొత్తవారిని కొన్ని నెలల్లోనే పార్ట్‌టైమ్ సూపర్‌వైజరుగా రమ్మంటారు. గౌరవంగా ఉంటుంది, బరువులు ఎత్తే పని తగ్గుతుంది. కానీ ఆ పదవి యూనియన్ పరిధిలో లేదు. సంతకం పెట్టిన రోజు నుంచి ఒప్పందపు రక్షణ ఉండదు. వెనక్కి రావాల్సి వస్తే పాత తేదీ దక్కుతుందో లేదో స్టీవార్డ్‌ను అడిగాకే ఒప్పుకోండి.

ప్రొబేషన్ దాటిన వారంలోనే మీ కేంద్రపు సీనియారిటీ జాబితా చూపించమని అడగండి. మీ పేరు వెతకండి. పక్కనున్న తేదీని మీ నోటు పుస్తకంతో పోల్చండి. ఒక్క రోజు తేడా ఉన్నా ఆ రోజే స్టీవార్డ్‌కు చెప్పండి. మీతోపాటే చేరిన పదిమందిలో లేఆఫ్ గీత ఎవరి మీద ఆగుతుందో ఆ ఒక్క రోజే తేల్చవచ్చు.

[తెరపై: జాబితాలో ఒక పేరు, దాని పక్కన తేదీ. చిత్రం నెమ్మదిగా మసకబారుతుంది.]