ముత్తాత పుట్టిన తేదీ చర్చి రిజిస్టరులో ఉంటుందా?

హోస్ట్: మాస్టారూ, చాలామంది అడుగుతున్నది ఒకటే. తాతముత్తాతల పుట్టిన తేదీ చర్చి రిజిస్టరులో దొరుకుతుందా?

మాస్టారు: ఏ చర్చో ముందు చెప్పాలమ్మా. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు 1870ల నుంచి కెనడా బాప్టిస్టు మిషన్ ఉంది. వాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలిసి, నమ్మి, ఒప్పుకున్నవాళ్ళనే నీళ్ళలో ముంచుతారు. రిజిస్టరులో 1905 అని ఉంటే అప్పటికి ఆయనకు పదిహేనేళ్ళో, నలభయ్యేళ్ళో! అదే పుట్టిన ఏడాదని రాసేసుకుంటే కొడుకు కంటే తండ్రి చిన్నవాడైపోతాడు.

హోస్ట్: అమ్మో! మరి కేథలిక్కుల్లో?

మాస్టారు: అక్కడ జ్ఞానస్నానం, అంటే వాళ్ళ బాప్తిస్మం, సాధారణంగా పసిబిడ్డకే. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (అంటే ఆ వేడుకలో బిడ్డ తరఫున నిలబడే పెద్దలు), గురువు అంటే ఫాదర్ పేరు అన్నీ రాస్తారు. పాతవి లాటిన్‌లో ఉండొచ్చు, కంగారు పడొద్దు. ‘ఫిలియుస్’ అంటే కొడుకు, ‘ఫిలియా’ అంటే కూతురు. ఇలాంటివి పది మాటలు వస్తే చాలు. నేనైతే ముందు మార్జిన్ చూస్తాను. పెళ్ళి ఏ ఊళ్ళో జరిగినా ఆ సంగతి జ్ఞానస్నానం రిజిస్టరులో ఎక్కించాలని 1908 నుంచి రోమ్ రూలు పెట్టింది. అలా రాసి ఉంటే ముత్తవ్వ అత్తారి ఊరు అక్కడే దొరుకుతుంది. ఆడవాళ్ళ జాడ వేరే కాగితాల్లో పట్టుకోవడం ఎంత కష్టమో!

హోస్ట్: జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు నేను చదవకుండా వదిలేసేదాన్ని.

మాస్టారు: వదలొద్దు. మేనమామో, పిన్నో అయి ఉండొచ్చు. ఇంకోటి, ఇంట్లో అప్పన్న అని పిలిచినాయన రిజిస్టరులో యోహాను అయి ఉంటాడు. అందుకే పేరొక్కటే పట్టుకుని వెతకొద్దు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు కూడా కలిపి చూడాలి.

హోస్ట్: ఆన్‌లైన్‌లో ‘శ్రీకాకుళం జిల్లా’ అని కొడితే ఏమీ రాదేంటండీ?

మాస్టారు: ఆ జిల్లా వచ్చిందే 1950లో. విజయనగరం జిల్లా 1979లో. బ్రిటిష్ వాళ్ళ కాగితాల్లో శ్రీకాకుళం పేరు చికాకోల్, 1936 దాకా గంజాం జిల్లా. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డులున్నాయి గానీ వాటిలో ఎక్కువగా దొరలు, ఆంగ్లో ఇండియన్లే. మనవాళ్ళ కోసం ఊరి విచారణకే, అంటే ఆ ఊరి ఫాదర్‌గారి చర్చికే వెళ్ళాలి. శ్రీకాకుళం కేథలిక్ మేత్రాసనం, అంటే బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, 1993లో ఏర్పడింది, అంతకు ముందు విశాఖ కిందే. ఇక్కడ లేకపోతే అక్కడ అడగండి.

హోస్ట్: ఫాదర్‌గారు చూపిస్తారా?

మాస్టారు: ఆదివారం పూజ అవగానే మీద పడితే చూపించరు! మామూలు రోజున ఫోన్ చేసి, ఇంటిపేరు, ఊరు, సుమారు ఏడాది చెప్పి వెళ్ళండి. అడక్కుండా ఫోటోలు తీయకండి. అందులో వేరే కుటుంబాల సంగతులూ ఉంటాయి.