ఐదు వాట్లు చాలు

అందరికీ నమస్కారం.

హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి నడుపుకునే సొంత రేడియో స్టేషన్, అనగానే చాలామందికి ఎత్తైన టవరు, బల్ల నిండా పెట్టెలు, మైకు ముందు గొంతు చించుకునే మనిషి గుర్తొస్తారు. అలాంటి స్టేషన్లూ ఉన్నాయి, వాటిని నేను తప్పు పట్టను. ఈరోజు మాట్లాడబోయేది మాత్రం అరచేతిలో ఇమిడే రిగ్, అంటే పంపే, వినే రేడియో పెట్టె గురించి. చుక్కలు, గీతల కోడ్ అయిన మోర్స్‌లో ఐదు వాట్లు, మాటల్లో పది వాట్లు దాటకుండా నడిపేదాన్ని మేము క్యూఆర్‌పీ అంటాం. ఒక వాటు కూడా లేకుండా ప్రయత్నించే మొండివాళ్లూ మాలో ఉన్నారు. వాళ్లంటే నాకు కొంచెం అసూయే.

ముందు లెక్క చూద్దాం. వంద వాట్లలో ఐదు అంటే ఇరవయ్యో వంతు. వినడానికి మరీ తక్కువే. కానీ రిసీవర్ లెక్క డెసిబెల్స్‌లో, అంటే ఎన్ని రెట్లో చిన్న అంకెల్లో చెప్పే కొలతలో ఉంటుంది. ఇరవయ్యో వంతుకు పడిపోతే తగ్గేది 13 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఒక్కో మెట్టును ఎస్ యూనిట్ అంటాం, ఒక్కోదానికి 6 డెసిబెల్స్. అంటే వంద వాట్లతో ఎస్ 7 చూపించే స్టేషన్ ఐదు వాట్లతో ఎస్ 5 దగ్గర ఉంటుంది. అవతలి ఊళ్లో నాయిస్, అంటే రేడియోలో వినపడే గోల, ఎస్ 2 అయితే హాయిగా వినపడతాం. ఎస్ 6 అయితే మనం లేనట్టే. కాబట్టి పని జరిగేదీ జరగనిదీ చాలాసార్లు మన వాట్ల చేతిలో ఉండదు. యాంటెనా, ఆ పూట బ్యాండు (మనం వాడే ఫ్రీక్వెన్సీల వరస) ఎలా ఉందన్నది, అవతలివాడి నాయిస్, ఈ మూడూ తేలుస్తాయి.

అందుకే తక్కువ పవర్‌వాడి రోజంతా వినడంలోనే గడుస్తుంది. తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ మీద దూరపు స్టేషన్లు వస్తుంటాయి. పొద్దెక్కేకొద్దీ, పై ఆకాశంలో రేడియో తరంగాలను తిరిగి నేలకు వంచే అయనోస్ఫియర్‌లోని డి పొర బలపడి ఆ సిగ్నళ్లను మింగేస్తుంది. అప్పుడు 14 మెగాహెర్ట్జ్‌కి మారతాం. ఐదు వాట్లతో గంటసేపు సీక్యూ, అంటే ‘ఎవరైనా పలకండి’ అనే పిలుపు, కొట్టడం కన్నా, గట్టిగా వినపడుతున్నవాడు తన సీక్యూ ముగించగానే ఒక్కసారి మన కాల్‌సైన్, అంటే మన స్టేషన్ గుర్తింపు పేరు, పంపడం మేలు. అతని మాట మనదాకా బాగా వస్తోందంటే దారి తెరిచి ఉన్నట్టే కదా. అతని చుట్టూ పదిమంది ఎగబడుతుంటే మాత్రం పోటీ పడకండి. వాళ్లు సద్దుమణిగాక పిలవండి.

ఈ వినే పనికి పెద్ద శత్రువు మన ఇల్లే. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, టీవీ అడాప్టర్లు అన్నీ బ్యాండులో గోల చేస్తాయి. రిసీవర్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లోవాళ్లని ఒప్పించి ఒక్క రెండు నిమిషాలు మెయిన్ ఆపండి. గోల ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. మళ్లీ ఒక్కో స్విచ్చీ వేసుకుంటూ వెళ్తే దొరుకుతాడు. పవర్ పెంచడానికి పెట్టే డబ్బు కన్నా ఒక పాడు అడాప్టరు మార్చడానికి పెట్టే డబ్బు ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

ఇక ప్రయోగాలు. మొదట కట్టుకోవాల్సింది ట్రాన్స్‌మిటర్ కాదు, డమ్మీ లోడ్, అంటే యాంటెనా బదులు తగిలించి పవర్‌ని గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మార్చేసేది. వెయ్యి ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్లు, పావు వాటువి, ఇరవై తీసుకోండి. అన్నిటినీ పారలల్‌గా రెండు చిన్న రాగి రేకుల మధ్య సోల్డర్ చేస్తే సరిగ్గా 50 ఓమ్‌లు, తట్టుకునేది ఐదు వాట్లు. దానికి ఒక డయోడ్, ఒక చిన్న కెపాసిటర్ తగిలిస్తే మామూలు మల్టీమీటరే పవర్ మీటరు అవుతుంది. వచ్చిన పీక్ వోల్టేజీని దానితోనే గుణించి వందతో భాగించండి. 10 వోల్టులు వస్తే ఒక వాటు, 22 దాటితే ఐదు వాట్లు. డయోడ్ తినేసే అర వోల్టు కలుపుకోవడం మర్చిపోకండి. పవర్ తగ్గేకొద్దీ ఆ అర వోల్టే పెద్ద తేడా తెస్తుంది.

యాంటెనా విషయానికొస్తే సగం తరంగం పొడవున్న వైరు చాలు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 14.060 మెగాహెర్ట్జ్‌కి పది మీటర్ల చిల్లర. కాస్త పొడుగ్గానే కోసుకుని, కట్టాక కత్తిరించుకుంటూ రండి.

ఏ యాంటెనా మేలో తేల్చుకోవడానికి విస్పర్ అనే పద్ధతి ఉంది. దీన్ని 2008లో తెచ్చింది జో టేలర్. పల్సార్లు అనే, గడియారంలా క్రమంగా రేడియో తరంగాలు పంపే నక్షత్రాల మీద చేసిన పనికి 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త, ఆయనా హామే. ఇందులో కాల్‌సైన్, మనం ఉన్న చోటు కోడ్, పవర్, ఈ మూడే వెళ్తాయి. ఆ కాస్త సమాచారానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అంత నిదానంగా, అంత ఇరుకైన బ్యాండులో పంపడం వల్లే చెవికి వినపడని సిగ్నల్‌ని కంప్యూటర్ పట్టుకోగలుగుతుంది. 200 మిల్లీవాట్లతో ఖండాలు దాటడం ఇక్కడ పెద్ద వింతేమీ కాదు. అయితే మనల్ని విన్న స్టేషన్లు ఇచ్చిన నిన్నటి రిపోర్టులను ఇవాళ్టి వాటితో పోల్చి యాంటెనా బాగుపడిందని మురిసిపోవద్దు. రాత్రికి రాత్రి మారింది అయనోస్ఫియరే కావచ్చు. ఒకే సాయంత్రం రెండు యాంటెనాలను మార్చి మార్చి వాడి, ఒకే రిసీవర్ ఇచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

తక్కువ పవర్ ఎంత దూరం పోతుందనడానికి పాత ఉదాహరణ ఒకటి. 1961 డిసెంబర్ 12న హామ్‌లు తాము కట్టిన ఆస్కార్ 1 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపారు. దాని ట్రాన్స్‌మిటర్ 140 మిల్లీవాట్లు. మోర్స్‌లో హెచ్, ఐ అనే రెండు అక్షరాలే పలికేది. ఉపగ్రహం లోపలి ఉష్ణోగ్రతను బట్టి ఆ పలుకు వేగం మారేది. చేతి గడియారం దగ్గర పెట్టుకుని లెక్కపెట్టినవాడికి అంతరిక్షంలో ఉన్న ఆ ఉపగ్రహం లోపల వేడి ఎంతుందో తెలిసిపోయేది! ఎన్నో దేశాల నుంచి వందలాది హామ్‌లు దాన్ని విని రిపోర్టులు పంపారు. అడ్డేమీ లేని దారి దొరికితే ఆ కాసిని మిల్లీవాట్లే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పవర్ తక్కువ కదా అని లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయకూడదు. పరీక్ష రాసి, కాల్‌సైన్ తీసుకున్నాకే మోర్స్ కొట్టే కీ మీద చెయ్యి వేయాలి. వినడానికి మాత్రం చాలాచోట్ల అడ్డు లేదు. మీ దేశంలో నియమం ఏమిటో చూసుకుని ముందు ఒక రిసీవర్ కట్టుకోండి. మోర్స్ నేర్చుకునేటప్పుడు చుక్కలూ గీతలూ కాగితం మీద చూడకండి, శబ్దంగానే వినండి. డమ్మీ లోడ్ ఒకటి, దాని సర్క్యూట్ బొమ్మతో సహా ఈ బల్ల మీద పెట్టాను. దగ్గరకొచ్చి చూడండి, ప్రశ్నలుంటే అడగండి.